గీత పడని హెల్మెట్

ఎంబాలె ఊరి చివర వెటాకా మెకానిక్ కొట్టు.
టీకాల పెట్టెతో ఎల్గన్ కొండెక్కాల్సిన కొత్త నర్సుని నేను.
వారం రోజులు బండి స్టార్ట్ చెయ్యనివ్వలేదు ముసలాయన.
తోయించాడు. పడుకోబెట్టి లేపించాడు.
"దీని బరువు తెలిశాక, వేగం సంగతి."

ఎనిమిదో రోజు ఎర్రమట్టి రోడ్డు.
"గుంతని చూస్తే గుంతలోకే పోతావు, నబిఫో.
పోవాల్సిన చోటు చూడు."
నేను గుంతనే చూశాను.
అరటిగెలల లారీ ఎదురొచ్చింది,
ముందు బ్రేకు పిడికిలి బిగించి నొక్కేశాను.
కంకర మీద చక్రం సబ్బుముక్కయింది.

ఆకాశం ఒకసారి కిందికొచ్చి వెళ్ళింది.

లేచాను. మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతే.
హెల్మెట్ మీద వేలెడు గీత.
"ఇంకా బానే ఉంది" అన్నాను,
సగం జీతం పోసి కొన్నది మరి.
వెటాకా మాట్లాడలేదు. రంపం తెచ్చి
పుచ్చకాయలా రెండు చెక్కలు చేశాడు.
లోపలి తెల్ల నురగ ఈ చివర్నించి ఆ చివరికి నెర్రె విచ్చి ఉంది.
"నీ నుదుటికి రావాల్సిన గీత
ఇది తీసుకుంది. దీని పని అయిపోయింది."

గోడకి ఇంకొకటి వేలాడుతోంది,
నీలంది, ఎక్కడా గీతన్నదే లేదు.
"అదివ్వు, నెలనెలా కడతాను."
"మా తమ్ముడిది.
ఆ రోజు హ్యాండిల్‌కి తగిలించుకుని వెళ్ళాడు.
దగ్గరే కదా, అన్నాడు."

అప్పు చేసి కొత్తది కొన్నాను.
సిపి దారిలో వాన మొదలైతే ఆగిపోతాను.
కిరాయి బండ్ల కుర్రాళ్ళు హారన్ కొట్టి,
నవ్వుకుంటూ దాటిపోతారు.
పోనీ.
గడ్డం కింద పట్టీ ఇంకోసారి లాగి చూసుకుంటాను.
పెట్టెలో మంచు కరగడానికి
ఇంకా నాలుగు గంటలుంది.