ఒందు బాకి

నూట అరవై కావాలి.
నావి నూట యాభై తొమ్మిది.

ఎగ్జామ్ సెక్షన్ కిటికీ వెనక బసవలింగయ్య
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
మార్కుల పట్టీ మీద వేలు జార్చుకుంటూ వచ్చి
మూడో సెమిస్టర్ దగ్గర ఆపాడు:
"ఒందు బాకి."
బాకీ అన్న మాట అర్థం కావడానికి
నాకు ఏ క్లాసూ అక్కర్లేకపోయింది.

కంపైలర్ డిజైన్ నాలుగు క్రెడిట్లు, రెండో దండయాత్రలో గెలిచాను.
డిస్క్రీట్ మ్యాథ్స్‌ని కెంగేరి హాస్టల్ మెట్ల మీద
తెల్లారగట్ల మూడింటికి బతిమాలుకున్నాను.
ఆటోమాటా మాస్టారు వైవాలో ఒక్కటే అడిగారు,
నడుస్తున్న ప్రోగ్రామ్ ఎప్పటికైనా ఆగుతుందో లేదో
ముందే ఎలా చెప్తావని.
అన్నిసార్లూ చెప్పలేమండీ అన్నాను. కరెక్ట్ అన్నారు.
చేతకాదన్నందుకు మార్కులు పడ్డది ఆ ఒక్కసారే.
వంద యాక్టివిటీ పాయింట్ల కోసం చెరువు గట్టున మొక్కలు నాటి
ఫొటో దిగాం. ఆ మొక్కలు పాసయ్యాయో లేదో ఎవరూ చూడలేదు.
ప్రాజెక్టుకి బైండింగ్ కూడా అయిపోయింది, బంగారు అక్షరాలు,
నా ఇంటిపేరులో బమ్మిడికి ఒక మ తక్కువ.

పోయింది బళకె కన్నడలో.
వారానికి ఒక గంట. ఆ గంట నేను పడుకునేవాణ్ణి.

"ఒకటే ఉండిపోనాదా?" ఫోన్లో మా చిన్నక్క,
"ఒకటికి ఇంత ఏడుపేటిరా?"
అని, తనే ఊరుకుంది.
పలాసలో జీడిపప్పు గ్రేడింగ్ చేసే మనిషి,
అంచు విరిగిన ఒక్క పలుకుకి
పప్పు ఏ డబ్బాలోకి దిగిపోతుందో నాకన్నా తనకే తెలుసు.

పాత ప్రశ్నపత్రాలు గేటు పక్కన హొన్నమ్మ జెరాక్స్ కొట్లో దొరుకుతాయి.
మిషన్ వేడెక్కేలోపు ఆమె చెప్పేది,
పాడైన కాపీల వెనక నేను రాసుకునేవాణ్ణి.
పాలు, హాలు. పులి, హులి.
పాము, హావు. పండు, హణ్ణు.
ఓహో, ఇంతేనా,
ప తీసి హ పెట్టు. ఒక్క లైను ప్రోగ్రామ్.
మర్నాడు దర్జాగా వెళ్ళి
"ఒందు హుస్తక కొడి" అన్నాను.

హొన్నమ్మ నవ్వుతూ ఏ బటన్ నొక్కిందో,
మిషన్లో కాగితం ఇరుక్కుపోయింది.
పుస్తకం వాళ్ళకీ పుస్తకవే.
కాపీలకోసం వచ్చి నిలబడ్డ కన్నడ మేష్ట్రు చంద్రప్ప
"వెనక బెంచీలో పడుకునేవాడివి నువ్వే కదూ" అని ముందు తేల్చుకుని
తర్వాత చెప్పారు:
సంస్కృతం నుంచి అరువు తెచ్చుకున్న ప‌ని ఎవరూ ముట్టుకోలేదు,
జాగ్రత్తగా వాడుకున్నారు.
ఇంట్లో పుట్టిన ప‌లే
నోళ్ళలో నలిగి నలిగి ఊపిరైపోయాయి.
ఒకప్పుడు హొన్ను కూడా పొన్నే.
హొన్నమ్మ ఇరుక్కున్న కాగితం లాగుతూ వింది.
తన పేరులో బంగారం ఉన్నట్టు తెలుసుగానీ
అది మాకూ బంగారమేనని తెలీదంది.

పరీక్షలో మొదటి ప్రశ్న:
మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోండి.
నాలుగేళ్ళలో ఏ పేపరూ అడగలేదిది.
నన్న హెసరు సింహాద్రి.
నమ్మ ఊరు పలాస.
ఊరు దగ్గర ఏ అక్షరమూ మార్చక్కర్లేకపోయింది.
ననగె స్వల్ప కన్నడ బరుత్తదె.
వాళ్ళకీ భాష వస్తుంది,
మనకి వచ్చినట్టే, తన కాళ్ళ మీద తను నడిచి.
నా భాగానికి కొంచెం ఆలస్యంగా బయల్దేరినట్టుంది.
మూడు వాక్యాలయ్యాయి. మిగతా రెండూ ఏం రాశానో గుర్తులేదు.

సాయంత్రం వాన.
హాల్ టికెట్ జెరాక్స్ తాలూకు రెండు రూపాయలు
ఫోన్లోంచి కదలడం లేదు.
చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది,
ఆగుతుందో లేదో చెప్పలేం.
"ఇర్లి బిడి, నాళె కొడి" అంది హొన్నమ్మ
షట్టర్ సగం దించుతూ.

సంచీ నెత్తిన పెట్టుకుని మెట్రో దాకా పరిగెడుతూ
అలవాటుకొద్దీ సూత్రం వేసి చూశాను.
రేపులో ప ఉంది.
నాళెలో హ లేదు.