బుధవారం, ఏడో నంబరు కౌంటరు

బుధవారం మా స్టోరులో కూపన్లకు రెట్టింపు విలువ.
బుధవారమే కడుపునొప్పి వచ్చే క్యాషియర్లు
మాలో ముగ్గురున్నారు.
వర్నడీన్ వచ్చేది ఆ రోజే.

ఈరీ సరస్సు మీంచి మంచు అడ్డంగా కొట్టినా సరే,
బూట్లకు ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని
చంకలో ఆ లావుపాటి ఫైలుతో దిగుతుంది.
పిల్లలు బేస్‌బాల్ కార్డులు దాచుకునే ఫైలది.
ఒక్కో అరలో ఆటగాడి బదులు
ఒక సబ్బు, ఒక సూపు, కుక్కలు లేని ఇంటికి కుక్క బిస్కెట్లు.

వెనక లైను నిట్టూరుస్తుంది.
పాల డబ్బా పట్టుకున్నాయన కాలు మార్చి కాలు నిలబడతాడు.
ఆవిడకు పట్టదు.
"ఆవాల సాసు సంగతి చూడు బాబూ.
పది సీసాలు పది డాలర్లని రాసింది మీరే.
అంటే సీసా డాలరు.
నా దగ్గరున్నది యాభై సెంట్ల కాగితం.
ఇవాళ దాని విలువ డాలరు.
డాలర్లోంచి డాలరు తీసేస్తే?"
సున్నా, మేడమ్.
"గట్టిగా చెప్పు. వెనకాయనకూ వినపడనీ."

మాకరోనీ ఒకటి కొంటే ఒకటి ఉచితం.
ఆ ఉచితం మీద కూడా కూపన్ చెల్లుతుందని
కంపెనీవాళ్ళ ఉత్తరం తెచ్చి
మా మేనేజరు టిబెట్స్ ముక్కు పిండి వసూలు చేసింది:
రెండు ప్యాకెట్లు, ఇరవై సెంట్లు.
అసలు మీద కొసరు, కొసరు మీద మళ్ళీ కొసరు.
కాగితం అడుగున చీమతలకాయంత అక్షరాలుంటాయే,
రాసినవాడైనా చదివాడో లేదో,
ఆవిడ చదివింది, భూతద్దం పెట్టి.

అరవై ఒకటీ ముప్ఫై ఏడు
కరిగి కరిగి
ఐదు డాలర్ల ఎనిమిది సెంట్ల దగ్గర ఆగింది.
రసీదు ఆవిడ కంటే పొడుగు.

ఎక్కడ నేర్చారని ఒకసారి అడిగాను.
"ఫౌండ్రీ వాళ్ళు మా రేమండ్‌ను ఇంటికి పంపేసిన చలికాలం.
పక్కిళ్ళ చెత్తబుట్టల్లో ఆదివారం పేపర్లు
చీకట్లో ఏరుకునేదాన్ని.
ఇప్పుడు పగలే ఏరుతున్నా."
అంతే. చిల్లర లెక్కపెట్టుకుని వెళ్ళిపోయింది.

నిన్న టిబెట్స్ తలుపుకి నోటీసు అంటించాడు:
ఒకటో తారీఖు నుంచి రెట్టింపు రద్దు.
ఆవిడ భూతద్దం తీసింది.
పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి కిందికి.
"ఒకటో తారీఖంటే, ఏ నెల?"

టిబెట్స్ నోరు తెరిచాడు, మూశాడు,
జేబులో పెన్ను వెతుక్కున్నాడు.
లైనంతా నవ్వింది, పాలాయనతో సహా.
వర్నడీన్ నవ్వలేదు.
నెల పేరు రాసేదాకా ఉండి,
స్పెల్లింగు సరిచూసి,
ఫైలు మూసింది.

పోతూ పోతూ
ఎప్పటిలాగే మూడో వరసలో ఆగి
తనకు మిగిలిన కూపన్ ఒకటి
ఏదో సీసా మెడ కింద దోపింది,
తర్వాత వచ్చేవాళ్ళకు.

టీ విరామంలో వెళ్ళి చూశాను.
ఆవాల సాసు. యాభై సెంట్లు. శనివారంతో సరి.
నాకు ఆవాల వాసనే పడదు.
అయినా, ఇవాళ గురువారం,
డాలర్లోంచి యాభై తీసేస్తే ఎంతని
పెదాలు కదుపుతూ
అక్కడే నిలబడ్డాను,
చేతిలో టీ చల్లారిపోయేదాకా.