ఇతరములు

కరకంబాడి రోడ్డు గోడౌన్‌లో
తెల్లారి అయిదున్నరకు
పదమూడు వ్యాన్లకు దారులు పంచేది నా పని.
అంటే, పోయినేడు దాకా నేనే పంచేదాన్ని.
ఇప్పుడు అది పంచుతుంది,
నేను చదివి వినిపిస్తాను.

కొత్త వెర్షన్ పెట్టిన రోజు
బెంగుళూరు నుంచి ఒక పిల్లవాడు వచ్చి
గోడ మీద వెలుగు పరిచి చెప్పినాడు.
కుడివైపు మలుపులు తగ్గిస్తుందంట.
ఒకే అపార్ట్‌మెంటుకు రెండుసార్లు పోనియ్యదంట.
ఏ గడప ముందు ఎంతసేపు పడుతుందో
మనం చెప్పకుండానే పట్టేస్తుందంట.
"డ్రైవర్ దారి మారిస్తే తప్పు పట్టదు మేడమ్,
ఎందుకు మార్చినాడని అడుగుతుంది.
మంచి డ్రైవర్ అయితే అతని దగ్గరే నేర్చుకుంటుంది."

అడిగేదానికి అయిదు గడులు పెట్టినారు:
ట్రాఫిక్, రోడ్డు మూత, అడ్రసు తప్పు,
మనిషి లేడు, బండి చెడింది.
ఆరోది ఇతరములు.
అందులో నలభై అక్షరాలకే చోటు.

మా వాళ్ళ బతుకంతా
ఆ ఆరో గడిలోకే వచ్చి పడింది.
"గంగజాతర. బండవేషం ఎదురొచ్చి తిట్టింది" అని ఖాదర్‌వలీ.
"చెరుకురసం. ఎండ" అని దొరస్వామి.
"మేనత్త కనపడింది, ఎక్కించుకున్నా" అని
ఎవరో పేరు కొట్టకుండా.

ఎరుకలయ్య మాత్రం ఎప్పుడూ ఒకటే:
"ఆ సందు వద్దు."

బైరాగిపట్టెడలో ఒక సందు అది.
తారు బాగుంది, వెడల్పు ఉంది,
కుక్కలు కూడా మర్యాదస్తులు.
ఏమబ్బా అని నేనడిగితే
తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచినాడు.
అది అడగలేదు. లెక్కపెట్టుకుంది.
మా పదముగ్గురిలో వేగం అతనిదే కాబట్టి
నమ్మింది.

నెలన్నరకు, పదమూడు బండ్లూ
ఆ సందు మొదటికి రాంగానే
ఏదో గుర్తొచ్చినట్టు పక్కకు తిరిగేవి.
మొన్న చేరిన ప్రదీపు కూడా,
ఎవరికీ రూపాయి బాకీ లేని పిల్లోడు,
స్క్రీన్ చెప్పిందని తలొంచుకుని తిరిగిపోయేవాడు.

ఇరవయ్యారు ఇళ్ళ సందుకు
పొద్దున మందులు దీపాలవేళకు చేరేవి.
కుట్టుపని సరస్వతమ్మకు హుక్కుల డబ్బా
పెండ్లి అయినాక వచ్చింది.

ఒకరోజు తెల్లచొక్కా మనిషి
కుంటుకుంటా గోడౌన్ మెట్లెక్కినాడు.
ధనపాల్. వడ్డీ వ్యాపారం.
"నా మోకాలిపట్టీని నాలుగు దినాలుగా
ఊరంతా ఊరేగిస్తా ఉండారు,
నాకంటే అదే ఎక్కువ నడిచింది."

అట్టపెట్టెల వెనక ఎరుకలయ్య
ఇంకో అట్టపెట్టె అయినాడు.
అప్పుడు తెలిసింది నాకు,
ముప్పై వేలు, నూటికి మూడు,
పదమూడు బండ్ల డీజిలు.

ధనపాల్ వంగి చూసినాడు.
"ఏమయ్యా, దాక్కుంటావెందుకు?
నీది ఉగాదికి ముందే తీరిపోయె గదా.
మునెమ్మ కట్టేసింది, నోటు చించి ఇచ్చేసినా.
నీకు చెప్పొద్దనింది,
చెప్తే మళ్ళీ తీసుకుంటాడని."

గోడౌన్‌లో ఫ్యాను ఒక్కటే మాట్లాడింది కాసేపు.

బెంగుళూరు పిల్లవానికి ఫోన్ చేసినాను.
అప్పు తీరిందని దీనికెట్లా చెప్పేది?
"చెప్పలేం మేడమ్.
ఆ డ్రైవరే కొన్నాళ్ళు అదే దారిలో పోతే
దానంతట అదే మరిచిపోతుంది."

ఇప్పుడు దినమూ ఎరుకలయ్య
పనున్నా లేకున్నా
ఆ సందులో నింపాదిగా, హారన్ కొట్టుకుంటా పోతాడు.
స్క్రీన్ ఎర్రబడి అడుగుతుంది, ఎందుకని.
బండి ఆపి, ఒక్క వేలితో
ఆరో గడిలో కొడతాడు:
"బాకీ లేదు."

నాలుగక్షరాలు.
ఇంకా ముప్పయ్యారుకు చోటుంది.