దీర్ఘం

ఇరవై రెండేళ్ళుగా
డ్వేన్ ప్రెబిక్ పేరుకి నేను కొత్త స్క్రీను కట్టలేదు.
రెండేళ్ళకోసారి, మంచు పూర్తిగా పోయాక
ఆయన గరాజ్‌లోంచి పాత బోర్డులే లేస్తాయి,
పచ్చిక మీద నిలబడతాయి,
ఎన్నికలయ్యాక వెనక్కి వెళ్ళి పడుకుంటాయి.
మిన్నెసోటాలో ఈ ఉత్తరపు కొసన
ప్రైమరీయే ఎన్నిక. నవంబరు వట్టి సంతకం.

ఈసారి జూన్ మొదట్లో
స్కూలు బస్సు నా కొట్టు ముందు ఆగింది.
పిల్లలెవరూ లేరు. ఐలీ సారెలా దిగింది,
చేతిలో నామినేషన్ రసీదు,
వంద డాలర్లు, ఇంకా మడత పడలేదు.
"రెండొందల బోర్డులు. ఎంతవుతుంది?"
చెప్పాను.
"అయితే నూట ఇరవై."

ఎందుకిప్పుడు అని నేనడగలేదు.
టామరాక్ బడి మూతపడ్డాక
ఆమె రూటు గంటా ఇరవై నిమిషాలైంది.
చివరి స్టాపు పిల్లాడు డిసెంబరంతా
చీకట్లో ఎక్కి చీకట్లోనే దిగుతాడు.
ఆ కోత బిల్లుకి డ్వేన్ 'సరే' నొక్కాడు.
ఆయన చెడ్డవాడు కాడు.
గని ఆగిపోయిన ఏడు, మా ఆవిడ ఆపరేషను కోసం
సెయింట్ పాల్‌కి మూడుసార్లు ఫోన్ చేసినవాడు.
అదీ నిజమే. రెండూ ఒకే మనిషి.

తప్పు నాది.
నూట ఇరవై బోర్డులూ ఆరాక చూశాను,
ఆమె ఇంటిపేరులో ఒక 'ఏ' తక్కువ.
మళ్ళీ వేస్తానన్నాను. టైము లేదంది.
"మా అమ్మమ్మ ఫిన్నిష్‌లో
దీర్ఘం కావాలంటే అక్షరం రెండుసార్లు రాస్తారు.
నువ్వు నన్ను పొట్టి చేశావు, అంతే."
సగం ధరకి తీసుకుంది.
నా బల్ల మీదే కూర్చుని మార్కరుతో
నలభై దాకా దిద్దింది.
మార్కరు ఎండిపోయింది, బస్సు వేళయింది.

పంతొమ్మిదేళ్ళు ఆ ఇళ్ళ ముందు ఆగిన మనిషి
ఒక్క గుమ్మమూ ఎక్కలేదు.
పోస్టు డబ్బాలు తెలుసు, తలుపులు తెలియవు.
ఏ కుక్క గొలుసు ఎంత పొడవో మాత్రం తెలుసు.
ఉపన్యాసం మొదలుపెడితే
"కూర్చోండి, వెనక గొడవ చెయ్యకండి"
అన్నట్టే వచ్చేదట ప్రతి మాటా.
వాళ్ళ నాన్నతో గనిలో పనిచేసిన ముసలాయన
కాఫీ పోసి, అంతా విని,
"డ్వేన్‌కే వేస్తానమ్మా, అలవాటైపోయింది" అన్నాడట.
"చక్కెర ఉందా?" అని అడిగిందట ఈమె.

జులై ఆఖరి వారం డ్వేన్ వచ్చాడు.
టోపీ తీశాడు. ఎప్పుడూ తీయడు.
"కొత్తవి వంద వెయ్యి. పేరు కాస్త పెద్దదిగా."
పాత స్క్రీను వెతికితే ఎలుకలు కొట్టేశాయి.
ఇరవై రెండేళ్ళ తర్వాత
ఆయన పేరు పొడవెంతో మళ్ళీ కొలిచాను.

ఆ మంగళవారం రాత్రి బౌలింగ్ హాల్లో
ఫోన్లలోకి లెక్కలు దిగుతున్నా
పిన్నులు పడే చప్పుడు ఆగలేదు.
నూట నలభై మూడు ఓట్లు తక్కువ.
ఆమె కాసేపు తన కాళ్ళకేసి చూసుకుంది.
"ఈ బూట్లు అద్దెవి, తిరిగిచ్చెయ్యాలి" అంది.

నేనెవరికి వేశానో చెప్పను.
ఇద్దరి రంగులూ నా గోళ్ళలోనే ఉన్నాయి.

సెప్టెంబరులో బోర్డులు తెచ్చి దింపింది,
ఇనుప కాళ్ళు పనికొస్తాయేమోనని.
విడదీస్తూ చూశాను.
ఆమె దిద్దనివి ఎనభై ఉండాలి కదా,
చాలావాటి మీద ఆ 'ఏ' ఉంది.
క్రేయాన్‌తో ఒకటి. గోళ్ళరంగుతో ఒకటి.
నల్ల టేపు ముక్కలతో, వంకరగా, ఒకటి.
"ఎవరివీ?"
"స్టాపుల దగ్గర నిలబడేవాళ్ళవి" అంది, ఇంజను ఆపకుండానే.
ఓటుకి ఇంకా ఎనిమిదేళ్ళో పదేళ్ళో ఉన్నవాళ్ళు.

ఒకడెవడో రెండు ఎక్కువే వేశాడు.
ఆ బోర్డు నేనుంచుకున్నాను.
కొట్టు మూసేముందు ఎప్పుడైనా పైకి చదువుతాను.
సరిగ్గా చదివితే
ఊపిరి అయిపోయేదాకా సాగుతుంది.