రోజిడిసి రోజు

గోపాల్‌పూర్ ఇసకలో
పుట్టిన కాణ్ణుంచీ ఎండలోనే ఉన్నాడు మా దానయ్య.
ఎండకి ఈపు పగిలి, ఉప్పుకి అతికి,
మల్లీ పగిలి.
అలాటోడికి ఎండ సాలదని సెప్పినాడు
బరంపురం పెద్దాసుపత్రి డాక్టరు.

నాను నవ్వీసినాను.
డాక్టరు నవ్వనేదు.
ఎండ తోలు మీద పడితే సాలదంట,
లోపల మూత్రపిండాలు దాన్ని ఒండాలంట,
అప్పుడే ఎముకకి అందుతాదంట.
"పొయ్యి ఆరిపోయినింట్లో బియ్యముండి ఏటి లాభమమ్మా"
అన్నాడు, సగం ఒడియా, సగం మన మాట.

ఒండి పెట్టిన ముద్ద ఈ గోలీ.
సేప కన్నంతే ఉంటాది.
మెత్తన, లోపల నూని.
రోజిడిసి రోజు ఒకటి.
ఒకటంటే ఒకటి.

నాకు అచ్చరం రాదు. ఒడియాదీ రాదు, ఇంగిలీసుదీ రాదు.
ముడెయ్యడం వొచ్చు,
వొల తెగిన కాడ మా యమ్మ నేర్పిన ముడి.
దూలానికి నైలాను తాడు కట్టి
గోలీ ఏసిన రోజు ముడి ఏసీదాన్ని,
ఎయ్యని రోజు రెండేళ్ల మేర ఒగ్గీసీదాన్ని.

ఏట బందయిన నెలలో మా తమ్ముడు కోర్లయ్య
పారాదీప్ నుంచొచ్చినాడు.
బావ కాళ్ల నొప్పులు సూసి కళ్లనీళ్లెట్టుకుని
బజారెల్లి రెండు డబ్బాలు తెచ్చినాడు.
ఒకదాన్లో పాలల్లో కలుపుకునే పొడి, వారానికో పేకెట్టు.
ఇంకోదాన్లో సున్నం బిళ్లలు.
"బలానికే కదక్కా,
బలమెక్కువైతే ఎవుడికి నష్టం?"
మంచోడే.
మంచితనాన్ని ఏ గిద్దెతో కొలుస్తాం.

ఆ డబ్బాలకి నా తాడు మీద ముడెయ్యనేదు.

మూడారాలు తిరిగినాయి.
అన్నం సయించనేదు.
పులుసు కుండ మూత తీస్తే డోకు.
కడుపు కదల్నేదు నాలుగు రోజులు.
దాహం, ఏటి దాహమది!
కొలిసి తాగమన్న నీళ్లు
రేత్రిపూట దొంగలాగ తాగీసీవోడు.
ఓ సందేల గుమ్మంలో నిలబడి
సంద్రంలో పోయిన తమ్ముణ్ణి పేరెట్టి పిలిసినాడు,
పడవ లాగడానికి రమ్మని.

డబ్బాలూ తాడూ సీటీలూ ఒళ్లో ఏసుకుని
తెల్లారే బస్సెక్కించినాను.

రగతం తీసినారు.
రగతంలో సున్నం పొంగిపోయిందన్నాడు డాక్టరు.
ఇంకొన్నాళ్లిలాగే ఉంటే గుండె...
అని ఆపీసి, నా తాడు సేతిలోకి తీసుకున్నాడు.
ముళ్లు లెక్కెట్టినాడు, ఏలితో, ఒకటొకటీ.
"నీ లెక్క తప్పనేదమ్మా.
నీ తాడుకి సెప్పనిదే కొంప ముంచింది."

గోలీ కూడా ఆపీసినారు.
వారం దాకా మంచం మీదే.
మల్లీ రగతం, మల్లీ సీటీ,
ఆ పైన మల్లీ గోలీ. ఈసారి వారానికి రెండే,
బుధోరం, ఆదోరం.

ఇప్పుడు తాడు మీద ఎర్రగుడ్డ పీలికలున్నాయి,
రగతం పరీచ్చకి ఎల్లాల్సిన రోజులవి.
పీలిక దగ్గరకొస్తే బస్సు డబ్బులు కొంగున కడతాను.
కడుపుమంట మందైనా సరే
నోట్లో పడకముందు ఆ డాక్టరు సెవిలో పడాల.
కోర్లయ్య ఫోను సేసి ఏడిసినాడు. తిట్టనేదు నాను.
"ఈపాలి వొచ్చినప్పుడు అరటిపళ్లు కూడా అడిగి తే" అన్నాను.

మొన్న తుపాను రేత్రి
ఇల్లు ఒగ్గీసి బడిలో పడుకున్నాము.
గోలీ మర్సిపోయినాము.
రెండ్రోజులకి గుర్తొచ్చి
"రెండూ ఒక్కపాలే మింగీమంటావా" అన్నాడు.
ఆసుపత్రి నర్సుకి ఫోను సేసినాను.
"పోయింది పోనీ. ఆదోరానిది ఆదోరమే, ఒకటే" అంది.
ఆ రోజు కాడ తాడు మీద
బిగించకండా ఉచ్చు ఒదిలినాను.
గాలికి ఊగుతాది. ఊగనీ.

ఈ పొద్దున లెగిసి దూలం కేసి సూసినాడు.
"ఇయ్యాల ముడా, కాళీయా?"
"కాళీ."
తలూపి, సిరిగిన వొల బుజానేసుకుని
ఎండలోకెల్లి కూకున్నాడు.