ఆ మూడు

ఒవీదియో మీటరు వెనకమూత విప్పితే
బ్యాటరీ పాచిపట్టి ఉంది.
ఫ్యూజు ఉండాల్సిన చోట
సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్ట.
"ఇంకా బతికే ఉన్నావా!" అన్నాను,
మీటరుని కాదు.

పుంతా అరేనాస్ గాలి రేకుల్ని బాదుతోంది.
గది ఇరవైమూడు డిగ్రీలకి వచ్చేదాకా
ఇద్దరం మాతే తాగాం.

పది వోల్టుల ప్రమాణం ముందు నిలబెడితే
తొణక్కుండా బెణక్కుండా
తొమ్మిది పాయింట్ తొంభై ఏడంది.
ప్లాస్టిక్ స్క్రూడ్రైవరుతో
వెంట్రుకవాసి తిప్పాను.
పది.

అతను సంతోషించలేదు.
"పద్దెనిమిదేళ్ళు పడవ మీద
దాని మాటకి మూడు కలుపుకున్నాను.
అడక్కుండానే కలిపేస్తుంది బుర్ర.
ఇప్పుడా మూడుని ఎక్కడ పెట్టను?"

తారీఖు చీటీ అంటించి
పక్కనే పెన్సిలుతో రాశాను:
కలపకు.

కూలికింద ఒక పెద్ద పీతనిచ్చాడు.
నేను తూచలేదు.