ఒదా

మీట నొక్కితే చాలు
మూసిన కొట్టుగది నోరు తెరిచినట్టు వాసన.
గుణుపురం కిరాయికి ఎక్కినవాళ్ళు
ఊరు దాటకముందే అద్దాలు దించేస్తున్నారు.

కర్పూరం పెట్టాను. నిమ్మడిప్పలు పెట్టాను.
అద్దానికి ఆకుపచ్చ సెంటు బుడ్డి వేలాడదీస్తే
మల్లెతోటలో గోనెసంచి నానబెట్టినట్టయింది.
మా బామ్మర్ది ఎలకే అన్నాడు, పందెం కాశాడు.

రాయగడ స్టేషను వెనక సుదామ్ బెహరా
డాష్‌బోర్డు సొరుగు ఊడదీసి
మోచేతిదాకా చెయ్యి పెట్టి
ఒక బూడిదరంగు అట్ట లాగాడు.
దాని మడతల్లో ఇప్పపూల పొట్టు, సీటు దూది,
ఎవరి జడదో రిబ్బను పోగొకటి.
ఎలక లేదు. యాభై రూపాయలు నాకు మిగిలాయి.

"ఒదా," అన్నాడు ముక్కు ముడిచి.
తడి అని వాళ్ళ మాట.
ముప్పయ్యేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నా
అది చెవిన పడితే నాకు ఓదార్పే తోస్తుంది.

కొత్త అట్ట వేశాడు, నురగమందు కొట్టాడు.
కింద గొట్టంలోంచి నల్లనీళ్ళు చాలాసేపు కారాయి.
"ఇల్లు ఇంకో రెండు మైళ్ళుందనగా
చలవ ఆపెయ్. ఉత్తగాలి నడవనీ.
లోపల ఆరాకే తాళం తిప్పు."

ఆ రాత్రే బరంపురం ఆసుపత్రినుంచి
ఒక తండ్రిని తెచ్చి వాళ్ళ ఊళ్ళో దింపాను.
వెళ్ళినప్పుడు వెనకసీట్లో ఇద్దరు.
దారంతా ఆయన ఒక్క మాటా అనలేదు,
అద్దం దించమనీ అనలేదు.

నాగావళి వంతెన దగ్గర చలవ ఆపాను.
ఉత్తగాలి.
ఇల్లొచ్చినా నడుస్తూనే ఉంది.
మా ఆవిడ తలుపు తీసి, గడపలో నిలబడి
"ఇంకెంతసేపు?" అంది.